టెక్ సందేహాలు: డాలస్ బావ 87 పోస్తున్నాడట, నేను 91 పోస్తే తప్పేంటి?

ఫోన్ వేడెక్కుతోంది, వైఫై పడగ్గదిలోకి రావట్లేదు లాంటి ప్రశ్నల మధ్య ఈసారి పెట్రోల్ వాసన కొడుతున్న ఉత్తరాలు వచ్చాయి. ఇప్పటి కారు సగం కంప్యూటరే కాబట్టి ఈ శీర్షికలోకి రానిచ్చాను.

గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒక పాఠకుడు: సార్, 2016 మోడల్ జర్మన్ టూ సీటర్ స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పెట్రోల్ మూత లోపల ‘98, కనీసం 95’ అని ఆక్టేన్ స్టిక్కర్ ఉంది. ప్రీమియం పెట్రోల్ రేటు చూస్తే గుండె గుభేలుమంటోంది. డాలస్‌లో ఉన్న మా బావ తన టర్బో కారులో 87 పోసుకుని మూడేళ్లుగా తిరుగుతున్నాడు, ఏమీ కాలేదు. మన మామూలు పెట్రోలే 91 కదా, అంతకన్నా మెరుగే. నేనూ మామూలుదే పోసుకోవచ్చా? ఇంజిన్ పోతుందని మెకానిక్ భయపెడుతున్నాడు. అదంతా కంపెనీల మాయ అని ఫ్రెండ్స్ అంటున్నారు.

ముందు మీ బావగారి లెక్క చూద్దాం. మిర్చి యార్డులో టిక్కీ కూడా బస్తానే, బియ్యం బస్తా కూడా బస్తానే. తూకం మాత్రం ఒకటి కాదు. ఆక్టేన్ అంకెలూ అంతే. మన దగ్గరా, యూరప్‌లోనూ రాసేది ‘రీసెర్చ్ ఆక్టేన్ నంబర్’, క్లుప్తంగా ఆర్‌ఓఎన్. ప్రయోగశాలలో ఒంటి సిలిండర్ ఇంజిన్‌ని నిమిషానికి 600 చుట్లు తిప్పి కొలుస్తారు. ఇదే పెట్రోల్‌ని 900 చుట్ల దగ్గర, ఇంకాస్త వేడి మీద పరీక్షిస్తే వచ్చే అంకె ‘మోటార్ ఆక్టేన్ నంబర్’. అది ఎప్పుడూ తక్కువే వస్తుంది. అమెరికా పంపుల మీద ఈ రెండింటి సగటు రాస్తారు. అందుకే అక్కడి 87 మన 91కి దాదాపు సమానం. డాలస్ బంకులో 93 అని ఉన్న పంపు మన లెక్కలో 98కి దగ్గర. మీరూ మీ బావగారూ మాట్లాడుకుంటున్నది ఒకే పెట్రోల్ గురించి.

ఇక ఆ అంకె చెప్పేదేమిటి? చాలామంది అనుకుంటున్నట్టు బలం కాదు. పెళ్లి పంక్తిలో వడ్డన ఈ చివర మొదలై ఆ చివరికి వెళ్లాలి. ఆ చివర కూర్చున్నవాడు ఆకలికి ఆగలేక గిన్నె లాక్కుంటే ఎంత గందరగోళమో ఊహించండి. సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకున్న మంట ఒక వరసలో పాకుతూ వెళ్లాలి. అది చేరకముందే దూరపు మూలన ఉన్న పెట్రోల్, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. ఆక్టేన్ అంటే ఆ చివరివాడి ఓపిక. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకున్నారు. 98 పాళ్లు అదీ, 2 పాళ్లు ఇదీ కలిపిన మిశ్రమం ఎంత ఓర్చుకుంటుందో, మీ కారు స్టిక్కర్ అడుగుతున్న పెట్రోల్ కూడా అంత ఓర్చుకోవాలి.

ఓపికకీ బలానికీ సంబంధం లేదనడానికి పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, అదే ఇథనాల్, చాలు. దాని ఆక్టేన్ దాదాపు 108. లీటరుకు ఇచ్చే శక్తి మాత్రం పెట్రోల్ ఇచ్చేదాంట్లో మూడింట రెండొంతులే. మరి స్పోర్ట్స్ కార్లు ఎక్కువ ఆక్టేన్ ఎందుకు అడుగుతాయంటే, మిశ్రమాన్ని పది, పదకొండు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నొక్కుతాయి. పైగా టర్బో ఉంటే గాలిని ముందే కుక్కి పంపుతుంది. నొక్కినకొద్దీ అదే పెట్రోల్ నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు, నాకింగ్ రాకుండా ఉంటే.

మీ బావగారి ‘ఏమీ కాలేదు’ సంగతి ఇక్కడే ఉంది. ఇంజిన్ బ్లాకుకి బిగించిన చిన్న నాక్ సెన్సర్ లోపలి చప్పుడుని వింటూనే ఉంటుంది. మన చెవికి అందకముందే కంప్యూటర్‌కి చెబుతుంది. అది వెంటనే స్పార్క్ ఇచ్చే సమయాన్ని కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. నాకింగ్ ఆగుతుంది, ఇంజిన్ బతుకుతుంది, పికప్ తగ్గుతుంది. ఆలస్యంగా మండిన వేడి సైలెన్సర్ వైపు పోయి టర్బోని, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాలుస్తుంది. తగ్గిన పికప్ కోసం మనం యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాం. పెట్రోల్‌లో మిగిలిందనుకున్న డబ్బులో కొంత అలా పోతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. 2022 మే, మధ్యాహ్నం రెండు. ఒక మిత్రుడి టర్బో హ్యాచ్‌బ్యాక్‌లో పక్క సీటులో, ఒళ్లో కారు కంప్యూటర్‌కి తగిలించిన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. భవానీపురం వైపు నుంచి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం. ట్యాంకులో అప్పటి మామూలు 91. ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలి 62 డిగ్రీలు. మిత్రుడు మూడో గేరులోనే ఉంచి నిండుగా తొక్కగానే నాలుగు సిలిండర్లకూ టైమింగ్ ఐదారు డిగ్రీలు వెనక్కి పోయింది. కారులో చప్పుడు లేదు, డాష్‌బోర్డ్‌లో లైటు లేదు, ఏసీ చల్లగా వస్తోంది. వారం తర్వాత ట్యాంకు ఖాళీ చేసి 95 పోసి, అదే వేళకి, అదే చోట తొక్కాం. రెండు డిగ్రీలు దాటలేదు. మిత్రుడు మాత్రం తనకేమీ తేడా తెలియలేదన్నాడు. నిజమే చెప్పాడు.

ఇప్పుడు మీ స్టిక్కర్. దాని మీద రెండు అంకెలున్నాయి. 98 అనేది కంపెనీ చెప్పిన హార్స్‌పవర్ పూర్తిగా రావడానికి. కనీసం 95 అనేది హద్దు. అంతకు తగ్గితే సర్దుకునే బాధ్యత కంప్యూటర్‌ది కూడా కాదు. ఇంజిన్ ఒక్కరోజులో పోతుందన్న మీ మెకానిక్ మాట అతి. అంతా మాయ అన్న ఫ్రెండ్స్ మాట అంతకన్నా అతి. రాత్రిపూట ఒంగోలు రోడ్డులో మామూలు పెట్రోల్ తప్ప దొరకకపోతే పది లీటర్లు పోయించుకుని, కాలు నెమ్మదిగా పెట్టి, తక్కువ గేరుల్లో ఇంటికి రండి. తర్వాత పై రకం కలిపేయండి. సగం 91, సగం 98 కలిస్తే దాదాపు 94, 95 మధ్య వస్తుంది. అదే పనిగా పోయడం వేరే సంగతి, ముఖ్యంగా మన మే నెలలో. వేడి గాలి లోపలికి వెళ్తే నాకింగ్ పెరుగుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర పావుగంట నిలబడిన ఇంజిన్‌కి ఊటీలో తిరిగే కారుకన్నా ఎక్కువ ఓపిక ఉన్న పెట్రోల్ కావాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరంటున్న 91 పాత మాట. మామూలు పెట్రోల్ ఒకప్పుడు 88, బీఎస్6 కాలుష్య నిబంధనల కోసం 91, ఇరవై శాతం ఇథనాల్ కలిశాక 95 అయిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఆ లెక్కన మామూలు పెట్రోల్ కూడా మీ హద్దు దగ్గరికి వచ్చేసింది. అయినా నేను 95 అని పంపు మీద రాసి ఉన్నదే పోయిస్తాను. హద్దు మీద నిలబడ్డ కారుకి రాతపూర్వకంగా ఒక అంకె ఉండటం మంచిది. నెలకి 600 కిలోమీటర్లు, లీటరుకి పది అనుకుంటే 60 లీటర్లు. తేడా లీటరుకి ఎనిమిది రూపాయలనుకున్నా నెలకి 480. ఆ డబ్బుతో ఆటోనగర్‌లో మీ కారుకి రెండు స్పార్క్ ప్లగ్గులు కూడా రావు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సగం ట్యాంకు 100 ఆక్టేన్ కలిపితే 97, 98 మధ్యకి వస్తుంది. అది అన్ని బంకుల్లో దొరకదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఆక్టేన్ కన్నా మీ విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ ఇథనాల్. అదే మూత దగ్గర ‘ఈ5’ లేదా ‘ఈ10’ (ఇథనాల్ ఐదు లేదా పది శాతం దాకా) అని ఉందేమో చూడండి. 2016 కారు రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇరవై శాతానికి తయారైనవి కాకపోవచ్చు. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టే కారైతే మరీ జాగ్రత్త, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. ఎంత కలిసిందో చూడాలంటే గాజు కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోల్ పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగి అడుగు పొర లావెక్కుతుంది. నేను మేడ మీద చేస్తే 10 ఉన్నది పాతిక దాటింది. ఆరుబయటే చేయండి, చుట్టుపక్కల నిప్పు, సిగరెట్ లేకుండా. బంకులో రాసే డెన్సిటీ, ఫిల్టర్ పేపర్ పరీక్ష, ఈ రెండూ ఆక్టేన్ గురించి ఏమీ చెప్పవని కూడా గుర్తుంచుకోండి.

విజయవాడ పటమట నుంచి: కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఎనిమిది వందలకి కొన్నాను. నాకింగ్ అందులో తెలుస్తుందా?

నేరుగా తెలియదు. స్టీరింగ్ కింద ఉన్న ఆ పదహారు పిన్నుల సాకెట్ నుంచి మామూలు యాప్ చదివేవి అన్ని కార్లకూ ఉమ్మడిగా ఉండే అంకెలే. అందులో ‘టైమింగ్ అడ్వాన్స్’ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు ఇస్తోందో), ‘ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్’ (లోపలికి వెళ్లే గాలి వేడి) ఉంటాయి. నాకింగ్ వల్ల ఎన్ని డిగ్రీలు తగ్గించిందీ అనేది కంపెనీ సొంత లెక్క. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ కార్లకైతే వీసీడీఎస్, ఓబీడీలెవెన్ లాంటి స్కానర్లు సిలిండర్‌వారీగా చూపిస్తాయి. మీ డాంగిల్‌తోనే చేయగలిగింది ఒకటుంది. ఒకే రోడ్డు, ఒకే గేరు, ఒకే స్పీడు, ఒకే ఎండ చూసుకుని రెండు ట్యాంకుల పెట్రోల్‌తో టైమింగ్ అడ్వాన్స్ రికార్డు చేసి పోల్చండి. పక్కన ఇంకొకరు కూర్చుని ఫోన్ పట్టుకోవాలి, నడుపుతూ మీరు చూడకండి. ‘లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్’, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత సర్దుతోందో చెప్పే అంకె, ఐదారు శాతం పైకి పోయిందని కంగారుపడే వాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి తక్కువ గాలి సరిపోతుంది కాబట్టి పాత కారు కంప్యూటర్ కాస్త ఎక్కువ పెట్రోల్ పోస్తుంది, అంతే. ఇంట్లో పార్క్ చేసినప్పుడు డాంగిల్ పీకేయండి. వారం నిలబెడితే బ్యాటరీ దిగిపోవచ్చు.

మంగళగిరి నుంచి: ఆక్టేన్ బూస్టర్ సీసా ఒకటి కలిపితే ‘పది పాయింట్లు పెరుగుతుంది’ అని లేబుల్. నిజమేనా?

ఆ వ్యాపారంలో ‘పాయింటు’ అంటే పదో వంతు. పది పాయింట్లంటే ఒక ఆక్టేన్. 95 కాస్తా 96. సీసా ఖర్చుతో పోలిస్తే పంపు దగ్గర పై రకం పోయించుకోవడమే చౌక.

గుంటూరు బ్రాడీపేట నుంచి: నా 110 సీసీ స్కూటీలో 100 ఆక్టేన్ పోస్తే పికప్ పెరుగుతుందా?

పెరగదు.