పదహారేళ్ళకే కథలు రాయడం మొదలుపెట్టొచ్చా?

పదహారేళ్ళున్నాయి, ఇప్పుడే రాయాలా, కొన్నేళ్ళు ఆగాలా అని అడిగారు. ఆగొద్దు. ఇంగ్లీషు రచయిత్రి మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల మొదలుపెట్టినప్పుడు ఆమెకు 18 ఏళ్ళు, 1818లో అచ్చయ్యేనాటికి 20. మరో ఇంగ్లీషు రచయిత్రి పెనెలొపీ ఫిట్జెరాల్డ్ తొలి నవల 1977లో వచ్చేసరికి ఆమెకు అరవై. రెండు వైపులా ఇలాంటి పేర్లు దొరుకుతూనే ఉంటాయి కాబట్టి ఆ లెక్క వదిలేయండి.

వయసు నిజంగా అడ్డొచ్చేది పెద్దవాళ్ళ పాత్రల దగ్గర. భర్త పోయిన నర్సు దుఃఖం మీ ఊహకు అందుతుంది. రాత్రి డ్యూటీలో ఆవిడ చేతులు ఏం చేస్తుంటాయో అందదు. అది తెలియక కథ నేరుగా దుఃఖం మీద పడుతుంది, పేజీకి నాలుగుసార్లు 'కుమిలిపోయింది' అని వస్తుంది. ఆ ఉద్యోగం చేసేవాళ్ళని ఒక్క డ్యూటీ గురించి అడగండి: రాగానే ఏం చూస్తారు, ఏం రాస్తారు, ఏ తప్పు చేస్తే తిట్లు పడతాయి? ఈ చివరి ప్రశ్నలోనే సగం కథలు దొరుకుతాయి. అప్పుడు 'కుమిలిపోయింది' తీసేసి, 'రోగి పేరు రాయాల్సిన గడిలో భర్త పేరు రాసి, కొట్టేసింది' అని రాయగలుగుతారు.

ఎనభై వేల మాటల నవల ఇప్పుడే ఎత్తుకోవద్దంటాను. సగంలో ఆగిపోయేది బద్ధకం వల్ల కాదు. ఈ వయసులో ఏడాది తిరిగేసరికి మీ వాక్యమే మారిపోతుంది. పదో అధ్యాయానికొచ్చాక మొదటిది నచ్చదు, దాన్నే దిద్దుతూ కూర్చుంటారు. 1,500 మాటల కథ రాయండి: ఇద్దరు మనుషులు, ఒకే చోటు, ఒక్క పూట. రాశాక మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత పైకి చదువుతూ నాలుక తడబడిన చోటల్లా గీత పెట్టండి. మొదటి పేరా కొట్టేసి కూడా చూడండి, చాలాసార్లు దాని అవసరమే ఉండదు.

పత్రికకు పంపేటప్పుడు వయసు రాయకండి (వయోపరిమితి ఉన్న పోటీలకు తప్పదనుకోండి). రాస్తే ఎడిటర్ ముచ్చటపడి చదువుతారు, దానివల్ల కథకు ఒరిగేదేమీ లేదు. కథ పేరు, మాటల సంఖ్య, ఇంతకుముందు ఎక్కడా రాలేదన్న హామీ చాలు. ఆన్‌లైన్‌లో పెట్టిన కథని అచ్చయినట్టే లెక్కగట్టే పత్రికలు చాలా ఉన్నాయి, ముందే చూసుకోండి.

18 నిండనివాళ్ళ సంతకంతో చేసుకున్న ఒప్పందం చాలా దేశాల్లో గట్టిగా నిలబడదు, అందుకని ప్రచురణకర్తలు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. పెట్టించే ముందు కూర్చుని చదవండి. 'సర్వహక్కులూ' అని ఉంటే ఎన్నేళ్ళకు, ఏ రూపాలకు (అచ్చు, ఆడియో, సినిమా లాంటివి) అని అడగండి. అచ్చు ఖర్చు మీరే పెట్టుకోవాలంటే వెనక్కి వచ్చేయండి.