కొడుకు నిద్ర మీద పెళ్లి లెక్కలు వేయకండి

శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాశారు. పాలకొండ దగ్గర పల్లం (వరి పొలం) అమ్మి కొడుకును పైలట్ చదివించారు. హైదరాబాద్‌లో కో-పైలట్‌గా చేస్తున్న ఆ అబ్బాయి, తన పెళ్లికి ముందు కంపెనీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు అదనపు డ్యూటీకి వెళ్లి ఓవర్‌టైమ్ డబ్బు ఇంటికి పంపేవాడు. ఇప్పుడు సెలవు రోజు ఫోనే ఎత్తడం లేదు. వచ్చే మాఘంలో చెల్లెలి పెళ్లి. "పైలట్లు చాలక కంపెనీ బతిమాలుతుంటే కోడలు వెళ్లనివ్వడం లేదు, ఆమెకు ఎలా చెప్పాలి?" అని అడుగుతున్నారు.

మాస్టారూ, కోడలికి ఏమీ చెప్పకండి. రథసప్తమికి వచ్చిన కొడుకు కిటికీకి నల్ల దుప్పటి కట్టుకుని పగలు పదకొండు దాకా పడుకున్నాడని, చుట్టాలొచ్చారని మీరు లేపబోతే కోడలు గుమ్మంలో అడ్డం నిలబడిందని ఫిర్యాదుగా రాశారు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చినవాడు మరెప్పుడు పడుకుంటాడండీ? ఆ అమ్మాయి చేసింది మంచి పని.

2010లో మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడని విచారణలో తేలింది. కాక్‌పిట్ రికార్డర్‌లో గురక వినిపించింది. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 2025లో 48 గంటలు చేశారంటే ఊరికే చేయలేదు. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. దానికి సరిపడా మనుషుల్ని ముందుగా సిద్ధం చేసుకోకనే ఆ డిసెంబరులో వేల విమానాలు రద్దయ్యాయి. అప్పుడు విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే కదా, మీరూ ఆ వార్తలు చదివే ఉంటారు. కొరత తీర్చుకోవాల్సింది కంపెనీ. మీ అబ్బాయి నిద్ర చంపుకుని తీర్చాల్సిన పని లేదు.

అసలు గొడవ మీకూ మీ కొడుక్కీ మధ్య ఉంది. పల్లం అమ్మిన మాట మీ ఉత్తరంలో మళ్లీ మళ్లీ వచ్చింది. అతనితోనూ అలాగే అంటుంటారని నా అనుమానం. చెల్లెలి పెళ్లికి అన్న చేయాల్సిందే, తప్పించుకునేవాణ్ణి నేనూ వెనకేసుకురాను. కానీ చదువు లోను కడుతూ నెలనెలా ఇంటికి పంపుతూనే ఉన్నాడని మీరే రాశారు. ఆగింది ఓవర్‌టైమ్ ఒక్కటే. నెలకు ఇన్ని గంటలని ఉన్నవి దాటి ఎగిరితే వచ్చే డబ్బది. దాన్ని జీతంలో కలిపి లెక్కేసుకున్నది మీరు. "నా వల్ల కాదు నాన్నా" అనే ధైర్యం లేక అతను భార్య చాటున నిలబడ్డాడు. అది అతని తప్పే. ఆ మాట అనలేని పరిస్థితి తెచ్చింది మాత్రం మీరు.

డ్యూటీ లేని రోజు సాయంత్రం అతనికే ఫోన్ చేయండి. అదనపు డ్యూటీలు లేకుండా పెళ్లికి ఎంత ఇవ్వగలవని అడగండి. చెప్పిన అంకె మీద బేరం ఆడకండి. మండపం చిన్నదైనా, భోజనాలు తగ్గినా ఆ డబ్బులోనే పెళ్లి చేయండి. మగపెళ్లివారికి ఈ సంగతి మీరే స్వయంగా వెళ్లి చెప్పండి, కొడుకుతో చెప్పించకండి.