బాయ్‌కాట్ అంటే ఏంటి? వాకౌట్, స్ట్రైక్, బ్యాన్‌లకీ దీనికీ తేడా ఉందా?

ఉంది. పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశాను, ఈ మాటతో రోజూ పనిపడేది. సభలోకి వచ్చి కూర్చుని, నిరసనగా లేచి బయటికెళ్తే వాకౌట్. అసలు సభకే రామంటే బాయ్‌కాట్. జీతాలు పెంచమని పని ఆపేస్తే స్ట్రైక్. అధికారం ఉన్నవాడు వద్దంటే బ్యాన్, బాయ్‌కాట్‌కి మాత్రం ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, జనం తమంతట తాము దూరం పెడితే చాలు. మండలాల నుంచి వచ్చే వార్తల్లో "వాకౌట్ చేసి సమావేశాన్ని బాయ్‌కాట్ చేశారు" అని రెండూ కలిపి కొట్టేసేవాళ్లు, ఫోన్ చేసి "ఇంతకీ వాళ్లు లోపలికి వెళ్లారా లేదా?" అని అడిగితే గానీ తేలేది కాదు.

ఇక పుట్టుక సంగతి. ఇది ఒకాయన ఇంటిపేరు (క్రికెటర్ జెఫ్రీ కాదు లెండి, ఆయన చాలా తర్వాత). చార్లెస్ బాయ్‌కాట్ అని ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు, కౌళ్లు వసూలు చేయడం ఆయన పని. 1880లో రైతులు కౌలు 25 శాతం తగ్గించమంటే దొర 10 శాతానికి మించి కుదరదన్నాడు, కట్టనివాళ్లని ఖాళీ చేయించే పని బాయ్‌కాట్ మీద పడింది. ఆ సెప్టెంబరులోనే పార్నెల్ అనే ఐరిష్ నాయకుడు ఎనిస్ అనే ఊళ్లో జరిగిన సభలో, రైతుని వెళ్లగొట్టిన భూమిని ఎవడైనా తీసుకుంటే వాణ్ని దారిలో, అంగట్లో, చివరికి చర్చిలో కూడా పలకరించొద్దని చెప్పాడు. ఊరివాళ్లు దాన్ని ఈ ఏజెంటు మీదే ప్రయోగించారు. పాలేర్లు మానేశారు, బట్టలు ఉతికే ఆవిడ రాలేదు, కొట్లలో సరుకు పుట్టలేదు. చేలో పంట తీయడానికి బయటి కౌంటీల నుంచి 50 మందిని దింపి, వాళ్లకి కాపలాగా వెయ్యి మంది దాకా సైనికుల్నీ పోలీసుల్నీ పెట్టారు. 500 పౌండ్ల పంటకి అయిన ఖర్చు 10,000 పౌండ్లని అప్పటి అంచనా! డిసెంబరుకల్లా బాయ్‌కాట్ ఊరొదిలి వెళ్లిపోయాడు. 'ఆస్ట్రసైజ్' (అందరూ కలిసి ఒకణ్ని దూరం పెట్టడం) అనే మాటకి రైతులకి నోరు తిరగదు, 'బాయ్‌కాట్ చేయడం' అందామా అని ఒమాలీ అనే ఫాదర్ సూచించాడని అమెరికా జర్నలిస్టు జేమ్స్ రెడ్‌పాత్ రాశాడు.

మన వెలి కూడా ఇదే కదా అంటారు కొందరు. నేనొప్పుకోను. ఊళ్లో పెద్దలు బలహీనుణ్ని వేసేది వెలి, అక్కడ కౌలుదార్లు దొర మనిషిని వేశారు. 1905లో విదేశీ గుడ్డల మీద, 1928లో సైమన్ కమిషన్ మీద మనవాళ్లు వాడింది ఈ రెండో రకమే.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. 'బాయ్‌కాటెడ్ ద మీటింగ్' అంటే సరిపోతుంది, మధ్యలో 'ఫ్రమ్' పెట్టకండి. ఎగ్జామ్స్ బాయ్‌కాట్ చేస్తున్నామని వినతిపత్రాలు రాసే స్టూడెంట్స్ ఎక్కువగా తడబడేది అక్కడే.