రోడ్డు పక్కన నిలబడి బళ్లు లెక్కపెట్టే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పై చదువు విదేశాల్లోనే అని మొదటి నుంచీ అనుకున్నాం. ఇప్పుడేమో రోడ్డు భద్రత చదువుతానంటోంది, అందులోనూ 'యాక్సెస్ మేనేజ్‌మెంట్' అట. ఏఐ గానీ డేటా సైన్స్ గానీ తీసుకోమంటే వినడం లేదు. మొన్న ఆదివారం మెయిన్ రోడ్డు మీద పెట్రోల్ బంకు ఎదురుగా రెండు గంటలు నిలబడి వచ్చేపోయే బళ్లు లెక్కపెట్టుకుని వచ్చింది. తెలిసినవాళ్లు చూసి నాకు ఫోన్ చేశారు. తల కొట్టేసినట్టయింది. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? ఉంటే అమెరికా, స్వీడన్, నెదర్లాండ్స్‌లలో ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: మీరు దేశాల గురించి అడిగారు. కానీ మీ మనసు ఆ ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోయిందని ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, దేశం పేరు మారుతుంది, లోపల ఉన్న భయం మాత్రం ఒకటే: నలుగురికీ చెప్పుకోగలిగే చదువేనా ఇది? కాబట్టి ముందు ఆ రెండు గంటల సంగతి చూద్దాం. దేశాలు ఎక్కడికీ పోవు.

మీకు పరువు తక్కువ అనిపించిన పనే ఈ శాస్త్రంలో మొదటి పాఠం. బంకు గేటు దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. ఒక కారు పెట్రోలు పోయించుకుని బయటికొచ్చింది. రోడ్డు దాటి అవతలి వైపు వెళ్లాలి. డ్రైవర్ కుడివైపు నుంచి వచ్చే బళ్లను చూడాలి, ఎడమవైపు నుంచి వచ్చేవాటిని చూడాలి, వెనక హారన్ కొడుతున్నవాడికి సమాధానం చెప్పాలి. ఓపిక నశిస్తుంది. సందు దొరికిందనుకుని ముందుకు దూకుతాడు. అప్పుడే లారీ పక్క నుంచి, కనపడకుండా ఒక బైకు వస్తుంది. ఇది ఎవరి తప్పు? డ్రైవర్‌దే అంటాం. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న చదువు ఇంకో ప్రశ్న వేస్తుంది: ఆ గేటును అక్కడ తెరవనిచ్చింది ఎవరు?

యాక్సెస్ మేనేజ్‌మెంట్ అంటే అంతే. పెద్ద రోడ్డు మీదకు ఎవరు, ఎక్కడ, ఎటు తిరిగి రావచ్చో ముందే ఆలోచించి నిర్ణయించడం. దీనికి లెక్క ఉంది. వాహనాల దారులు ఒకదాన్నొకటి కోసుకునే, కలిసే, విడిపోయే చోట్లను కాన్‌ఫ్లిక్ట్ పాయింట్లు అంటారు. మామూలు నాలుగు రోడ్ల జంక్షన్‌లో అవి 32. ఒకే లేన్ ఉన్న రౌండబౌట్‌లో 8. టీ ఆకారపు జంక్షన్‌లో 9. రెండు వైపులా బళ్లు నడిచే రోడ్డు మీదకు తెరుచుకునే గేటు, పని తీరులో ఒక టీ జంక్షనే. దాని ముందు డివైడర్ కట్టి, ఎడమవైపు నడిచే దేశాల్లో అయితే ఎడమకే లోపలికి, ఎడమకే బయటికి అని పెడితే 9 కాస్తా 2 అవుతాయి. అవతలి వైపు వెళ్లాల్సినవాళ్లు కొంచెం ముందుకెళ్లి యూటర్న్ తీసుకుంటారు. ఆ కొంచెం దూరం తిట్టుకుంటూ వెళ్లేవాళ్లలో ఎంతమంది దానివల్లే ప్రాణాలతో ఉన్నారో వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

నిలబడి లెక్కపెట్టడం చిన్నపనేం కాదు. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో దీన్నే ఒక పద్ధతిగా తయారుచేశారు. శిక్షణ పొందినవాళ్లు జంక్షన్ దగ్గర నిలబడి, గుద్దుకోబోయి తప్పించుకున్న సంఘటనలను రాస్తారు. బ్రేకు వేసిన క్షణంలో వేగం ఎంత, తప్పించుకోకపోతే ఎన్ని క్షణాల్లో గుద్దుకునేవాళ్లు అని అంచనా వేస్తారు. ప్రాణం పోయేదాకా ఆగకుండా, ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందే కనిపెట్టే పద్ధతి అది. మీ అమ్మాయికి ఎవరూ చెప్పకుండానే కాళ్లు అటు నడిచాయి. ఇన్నేళ్లలో నా ముందు కూర్చున్న పిల్లల్లో అలా వెళ్లి నిలబడినవాళ్లు చాలా తక్కువ.

ఇక మీరడిగిన దేశాలు. అమెరికాలో రోడ్లు ముందు పడ్డాయి, వాటి వెంబడి దుకాణాలు తర్వాత వచ్చాయి, ప్రతి దుకాణమూ తనకో దారి కావాలంది. రోడ్డు నిండా గేట్లే. దాన్ని అదుపు చేయడానికి కొలరాడో రాష్ట్రం 1979లో చట్టం చేసి, 1981లో నియమావళి తెచ్చింది. రాష్ట్ర రహదారులన్నిటినీ తరగతులుగా విడగొట్టి, ఏ తరగతి రోడ్డు మీదకు ఎలాంటి దారి తెరవవచ్చో రాసుకున్నారు. అనుమతి లేనిదే గేటు లేదు. ఫ్లోరిడా 1988లో అదే బాట పట్టింది. అందుకే అక్కడి ఇంజినీర్ పనిలో సగం చట్టం, సగం బేరం. పక్కపక్కనున్న రెండు గేట్లను ఒకటి చేయమని ఒప్పించాలి, పార్కింగ్ స్థలాలను వెనక నుంచి కలపాలి, ప్రజాభిప్రాయ సభలో లేచి నిలబడి డివైడర్ ఎందుకో చెప్పాలి. దుకాణదారులు కోపంగా ఉంటారు. అయోవా, టెక్సస్‌లలో చేసిన అధ్యయనాలు, భయపడినంతగా వ్యాపారాలు దెబ్బతినలేదని చూపించాయి. కానీ ఆ సభలో కాగితాలు చూపిస్తే సరిపోదు, మాట్లాడటం రావాలి. టంపాలోని యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడాలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన కేంద్రం ఉంది.

నెదర్లాండ్స్ వాళ్లు గేటు దగ్గర మొదలుపెట్టరు. ఈ రోడ్డు దేనికోసం అని అడుగుతారు. 1990లలో మొదలైన వాళ్ల 'సుస్థిర భద్రత' ఆలోచన ప్రకారం రోడ్లు మూడే రకాలు: దూరం వెళ్లడానికి, ప్రాంతాలను కలపడానికి, ఇంటి ముందుకు చేరడానికి. దూరపు రోడ్డు మీదకు ఏ ఇంటి గేటూ తెరుచుకోదు. ఇంటి ముందు రోడ్డు మీద ఎవరూ దూసుకెళ్లరు, ఊళ్లో 30 కిలోమీటర్లు, ఊరి బయట 60. రెండు పనులూ ఒకే రోడ్డు చేయబోతే అక్కడే మనుషులు చనిపోతారని వాళ్ల నమ్మకం. నాకు ఈ ఆలోచన అంటే చాలా ఇష్టం. ఒకసారి అర్థమైతే ఏ రోడ్డును చూసినా ఇది ఏ రకం అని మనసు అడుగుతూనే ఉంటుంది.

స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో'ను ఆమోదించింది. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు శిక్ష చావు కాకూడదు అన్నది దాని సారం. మనిషి శరీరం ఎంత దెబ్బ తట్టుకుంటుందో చూసి వేగాలు పెట్టారు: నడిచేవాళ్లు ఉన్నచోట 30, పక్క నుంచి గుద్దే అవకాశం ఉన్న జంక్షన్‌లో 50, ఎదురెదురుగా గుద్దుకునే రోడ్డు మీద 70. మరుసటి ఏడాదే మూడు లేన్ల రోడ్ల మధ్యలో ఇనుప తీగల డివైడర్ వేయడం మొదలుపెట్టారు. ఒకవైపుకు రెండు లేన్లు, రెండో వైపుకు ఒకటి, కొంతదూరం తర్వాత అటుదిటు. పొలం దారి నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ పడితే అక్కడ అడ్డం తిరగలేరు, ముందున్న మలుపు దాకా వెళ్లాల్సిందే. మొదట్లో ఆ తీగలను చూసి చాలామంది వ్యతిరేకించారు. ఆ రోడ్ల మీద మరణాలు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

బ్రిటన్ ఇంకా పాతది. రోడ్ల వెంబడి ఇళ్లు తోరణంలా పెరిగిపోతున్నాయని 1935లోనే చట్టం చేసింది. జర్మనీలో ఊళ్ల బయట ఫెడరల్ రోడ్ల అంచు నుంచి 20 మీటర్లు, ఆటోబాన్ అంచు నుంచి 40 మీటర్ల లోపు కట్టడాలకు వీల్లేదు. గేటు రాకముందే గేటు సమస్య తీర్చేశారన్నమాట.

మరి ఏది మేలు? మీరు అనుకుంటున్నంత తేడా లేదు, నిజంగా. పైగా 'యాక్సెస్ మేనేజ్‌మెంట్' పేరుతో డిగ్రీ కోసం వెతికితే ఎక్కడా దొరకడం కష్టం. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ చదివి, థీసిస్ ఇందులో చేస్తారు. మీ అమ్మాయికి నలుగురిని ఒప్పించడం, చట్టం చదవడం ఇష్టమైతే అమెరికా. మొత్తం రోడ్ల వ్యవస్థను కాగితం మీద మళ్లీ గీయాలనిపిస్తే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ. మనిషి రోడ్డు మీద ఎలా ప్రవర్తిస్తాడో గమనించడం ఇష్టమైతే లుండ్. బంకు దగ్గర నిలబడిన అమ్మాయి గురించి విన్నాక నా మొగ్గు లుండ్ వైపే. కానీ ఆమెను అడగకుండా నేను ఖరారు చేయను. మీరూ చేయకండి.

ఇప్పుడు ఏఐ సంగతి. దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తల్లిదండ్రులు తొందరపడుతున్నారు. ఏఐ చెడ్డదని నేననను. సిగ్నళ్ల టైమింగ్ బాగుచేస్తుంది, కెమెరా దృశ్యాల్లోంచి గుద్దుకోబోయిన సంఘటనలను ఏరి ఇస్తుంది, ఒక మనిషి రెండు గంటల్లో చూసేదాన్ని నెలల తరబడి చూస్తుంది. కానీ జంక్షన్‌కు 15 మీటర్ల దూరంలో గేటు తెరిచి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని మూయలేదు. దాన్ని మూయాలని తెలిసినవాళ్లు, మూయించగలిగినవాళ్లు కావాలి. నా దగ్గరకు వచ్చి మాట్లాడిన పిల్లల్లో, 'స్మార్ట్' అనీ 'ఇంటెలిజెంట్' అనీ పేరున్న కోర్సుల్లో చేరినవాళ్లు ఉన్నారు. సిలబస్ తెరిచి చూస్తే అందరూ చదివే మెషిన్ లెర్నింగే, పక్కన రవాణా సబ్జెక్టులు ఒకటో రెండో. ఉద్యోగాల దగ్గరకు వచ్చేసరికి కంప్యూటర్ సైన్స్ వాళ్లతో పోటీ పడలేక, సివిల్ పని లోతుగా తెలియక మధ్యలో నలిగిపోయారు. కోడింగ్ నేర్చుకోమనండి, తప్పకుండా. పైథాన్, మ్యాపులతో పనిచేసే జీఐఎస్ వస్తే చాలా మంచిది. అవి చేతిలో పనిముట్లు. ఏ పని కోసం అన్నది మీ అమ్మాయి ఇప్పటికే చెప్పింది.

ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకండి. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి ఈ చదువు ఎందుకు కావాలో ఒక్క వాక్యం కూడా లేదు. మీరు అడగలేదు. ఎవరో ఫోన్ చేశారు, మీకు సిగ్గేసింది, అదే రాశారు. ఇరవై ఏళ్ల పిల్ల ఆదివారం పూట ఎండలో రెండు గంటలు నిలబడిందంటే దాని వెనక కారణం ఉంటుంది. ఏదైనా చూసి ఉండవచ్చు, తెలిసినవాళ్లకు దెబ్బ తగిలి ఉండవచ్చు, లేదా లెక్క నచ్చి ఉండవచ్చు. ఏఐ తీసుకోమని ఎన్నిసార్లు చెప్పారో మీకే తెలుసు. అమ్మా, అక్కడేం చూశావు అని ఒక్కసారైనా అడగండి.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెప్తాను. రంగం చిన్నది. మొదటి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్లంత జీతం రాకపోవచ్చు. చేసిన పని ఫలితం కనపడటానికి ఏళ్లు పడుతుంది, కొన్నిసార్లు డివైడర్ కట్టాక ఒత్తిడికి దాన్ని తవ్వేస్తారు కూడా. అది తట్టుకోవాలి. కానీ పని లేకుండా పోయే రంగం మాత్రం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం ఇదే. 2030 నాటికి సగానికి తగ్గించాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ రహదారి శాఖలు, డిజైన్ కన్సల్టెన్సీలు, రోడ్ సేఫ్టీ ఆడిట్ చేసే బృందాలు, పెద్ద భవనం కట్టేముందు ట్రాఫిక్ మీద దాని ప్రభావం లెక్కించే సంస్థలు, ఇవన్నీ ఈ మనుషుల్ని తీసుకుంటాయి. ఐరాప్ అనే సంస్థ పద్ధతిలో రోడ్లకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తారు. అందుకు ప్రతి 100 మీటర్లకూ రోడ్డు లక్షణాలు రాస్తారు, ఎన్ని గేట్లు తెరుచుకుంటున్నాయన్నది కూడా అందులో ఒకటి. మీ అమ్మాయి ఆదివారం చేసింది దాదాపు అదే.

టెన్షన్ పడకండి. దరఖాస్తులకు ఇంకా టైముంది. ఈలోగా ఒక పని చేయమనండి. అదే బంకు దగ్గర, ఒక మామూలు రోజు సాయంత్రం, ఒక సెలవు రోజు సాయంత్రం, గంట చొప్పున మళ్లీ చూడాలి. రోడ్డు మీద కాదు, ఎత్తుగా, దూరంగా, సురక్షితంగా ఉన్న చోటు నుంచి. ఈసారి బళ్ల లెక్కతో పాటు ఎవరు ఎటు తిరిగారు, ఎవరు సడన్‌గా బ్రేకు వేశారు, నడిచేవాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారు అని మూడు గడులు గీసుకుని రాయాలి. గేటు బొమ్మ వేసి, కాన్‌ఫ్లిక్ట్ పాయింట్లు గుర్తుపెట్టి, డివైడర్ ఉంటే ఏమయ్యేదో రెండో బొమ్మ వేయాలి. ఆ రెండు పేజీలు అప్లికేషన్‌లో ఏ సర్టిఫికెట్ కన్నా బాగా మాట్లాడతాయి. రెండు వైపుల ట్రాఫిక్‌ను ఒక్కరే రాయడం కష్టం, ఇంకో మనిషి కావాలి. ఆ రెండో కాగితం మీరు తీసుకోండి.