అమెరికా వెళ్ళగానే కొత్త ఫర్నిచర్ కొనకండి, ముందు పాత చెక్క వైపు చూడండి

జూలై అంతా రాజాంలో మా ఇంట్లోనే ఉన్నాను. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా, ఊరు మాత్రం అదే. నాన్నగారు పడుకున్న టేకు పట్టెమంచం ఒకటి వెనక గదిలో పడి ఉంది. మంచం కోళ్ళు రెండు నేల చెమ్మకి అడుగున పాడైపోయాయి, పట్టెలు మాత్రం ఈరోజుకీ రాయిలా ఉన్నాయి. దాన్ని అమ్మేయమని చుట్టాలు చెప్పారు గానీ మనసు ఒప్పక మా వీధి వడ్రంగి మేస్త్రిని పిలిచి, అరుగు మీద వేసుకునే బెంచీగా మార్చమన్నాను. ఆయన ఆ పని చేస్తుండగానే, ఆగస్టులో చదువులకి బయల్దేరుతున్న పిల్లలు ఇద్దరు, మొన్ననే ఉద్యోగం మీద బోస్టన్ వైపు వెళ్ళిన మా దూరపు చుట్టాలమ్మాయి ఫోన్లో, అందరూ ఒకటే ప్రశ్న. "అన్నయ్యా, అక్కడ మంచాలు, బల్లలు, సోఫా అన్నీ కలిపి ఎంతవుతుంది?" విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాద్దామనిపించింది. నేను బోస్టన్ ఉన్న మాసాచుసెట్స్ రాష్ట్రంలోనే పదహారేళ్ళుగా ఉంటున్నాను.

మొదటి మాట, వెళ్ళిన నెలలోనే క్రెడిట్ కార్డు మీద పెట్టెల్లో వచ్చే బల్లలు, డ్రాయర్లు కొనకండి. చౌకగా దొరికేవాటిలో చాలామటుకు చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డువి. మీరు మొదటి రెండేళ్ళలో రెండు మూడు ఇళ్ళైనా మారతారు. మారిన ప్రతిసారీ స్క్రూలు విప్పి బిగిస్తే ఆ కన్నాలు వదులైపోతాయి, అంచుకి నీళ్ళు తగిలితే అటుకుల్లా ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే దాన్ని ఏ మేస్త్రీ బాగుచేయలేడు. నేను కొన్న భోజనాల బల్ల రెండో ఇంటికి వెళ్ళేటప్పుడే కాలు ఊడింది. అదే వారం పక్కింటి పెద్దాయన మేపుల్ చెక్క డ్రెస్సర్, అంటే సొరుగుల బీరువా ఒకటి 'ఫ్రీ' అని కాగితం అంటించి రోడ్డు పక్కన పెట్టారు. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది, పైన టీవీ, కింద సొరుగుల్లో పిల్లల పుస్తకాలు.

ఆ దేశంలో ఎంత పారేస్తారో చూస్తే గుండె తరుక్కుపోతుంది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 2018 ఒక్క ఏడాదిలోనే 1.21 కోట్ల టన్నుల ఫర్నిచర్, ఇంటి సామాను చెత్తలోకి వెళ్ళింది, అందులో 80 శాతం నేరుగా భూమిలో పూడ్చేశారు. మన దగ్గర అలా కాదు కదా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎన్ని కూలిపోయాయో మీకు తెలుసు. కవిటి వైపు మా మేనత్త వాళ్ళ పనసచెట్టు కూడా పడిపోయింది. ఆవిడ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కోత మిల్లుకి పంపించి పలకలు కోయించింది. వాళ్ళ వంటింటి తలుపు, రెండు పీటలు, ఒక ఊయల బల్ల ఆ చెట్టువే. పనస చెక్కకి చెద అంత తొందరగా పట్టదు, పసుపు రంగులో మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు తేనెరంగుకి తిరుగుతుంది. మనకి దగ్గర్లోనే బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణ చేసేది కూడా ఆ కర్రతోనే. కర్ర విలువ తెలిసిన ఊళ్ళ నుంచి వెళ్తున్నారు మీరు, ఆ కన్ను అక్కడికి కూడా పట్టుకెళ్ళండి.

సరే, అక్కడ రోడ్డు మీద కనబడినదాన్ని ఎలా పోల్చుకోవాలి? ఎత్తి చూడండి, గట్టి చెక్క బరువుంటుంది, కాకపోతే పార్టికల్ బోర్డు కూడా బరువే కాబట్టి అంతటితో ఆగకండి. పైపలక అంచు చూడండి. పలక మీది గీతలు అంచు దాటి కిందికి కొనసాగితే గట్టి చెక్క. సొరుగు పూర్తిగా బయటకి లాగి మూలలు చూడండి, పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి దూర్చి బిగించి ఉంటే చేసినవాడు శ్రద్ధగా చేశాడన్నమాట. పైన పల్చటి చెక్క పొర అంటించిన వెనీర్ సామాను కూడా చెడ్డదేం కాదు, చాలా మంచి పాత బల్లలు అలాంటివే. కానీ ఆ పొర చాలా పల్చన, మెషీన్‌తో గట్టిగా రుద్దితే నిమిషంలో కింది చెక్క బయటపడుతుంది. దాని మీద చేత్తోనే, సన్నటి ఉప్పుకాగితంతోనే రుద్దాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. గుడ్డ ఉన్నది, దూది ఉన్నది, పరుపు, సోఫా, రోడ్డు పక్కది ఏదీ ఇంట్లోకి తేవద్దు. ఎంత కొత్తగా కనబడినా సరే. మొదటి ఏడాది మేం నలుగురం కలిసి ఉన్నప్పుడు ఒక చక్కటి సోఫా మోసుకొచ్చాం. మూడు వారాలకి చేతుల మీద వరసగా దద్దుర్లు. నల్లులు! అక్కడి నల్లులంటే మన చిన్నప్పుడు మంచం ఎండలో వేసి కిరసనాయిలు రాస్తే పోయేవని చెప్పుకునేవి కావు. తిండి లేకుండా నెలల తరబడి గోడ పగుళ్ళలో బతుకుతాయి, పక్క అపార్ట్‌మెంట్లకి పాకుతాయి. మందు కొట్టేవాళ్ళు మూడుసార్లు వచ్చారు, బట్టలన్నీ డ్రయర్లో హై హీట్ మీద అరగంటకి తక్కువ కాకుండా తిప్పాం, ఆ రెండు నెలలు నిద్ర లేదు, పరీక్షల టెన్షన్ దానికి తోడు. అందుకే కర్ర సామాను కూడా బయటే ఆపి టార్చి లైటుతో చూడండి. స్క్రూ కన్నాలు, సొరుగు జారే గాడి, వెనక పలక అతుకు, ఇక్కడ సిరా చుక్కల్లా నల్ల మచ్చలు గానీ పల్చటి పొట్టు గానీ కనబడితే అక్కడే వదిలేసి రండి.

రెండో ప్రమాదం కంటికి కనబడనిది. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో, ఫర్నిచర్ రంగుల్లో సీసం వాడటాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన బల్లని మీరు రుద్దితే వచ్చే ధూళి చిన్నపిల్లల మెదడుకి హాని చేస్తుంది. రంగు మొసలి చర్మంలా పగిలి, పొరలు పొరలుగా కనబడితే అనుమానించండి, పరీక్ష చేసే కిట్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ఇంట్లో పాపాయి ఉంటే మాత్రం పరీక్ష కూడా వద్దు, ఆ సామాను జోలికే వెళ్ళొద్దు. పాపాయి అన్నాను కాబట్టి ఉయ్యాల మంచం సంగతి కూడా చెప్తాను. పక్క కమ్మీలు కిందికి జారే పాత రకం క్రిబ్‌లని 2011 జూన్ నుంచి అమ్మకూడదని చట్టం చేశారు, వాటిలో పిల్లలు ఇరుక్కుని చనిపోయారు కాబట్టి. ఎవరైనా ప్రేమగా ఇస్తే బిడ్డని మాత్రం పడుకోబెట్టకండి. ముందు వైపు కమ్మీ తీసేసి బెంచీ చేసుకోవచ్చు, మా స్నేహితులు అలా చేసి వాకిట్లో చెప్పులు వేసుకునే చోట పెట్టారు.

డ్రెస్సర్ వంటి ఎత్తైన సామానుని తప్పనిసరిగా పట్టీతో గోడకి కట్టండి. పిల్లలు సొరుగులు మెట్లలాగా లాగి ఎక్కుతారు, అది మొత్తం వాళ్ళ మీద పడుతుంది. ఇలా ప్రాణాలు పోయాకే అక్కడ కొత్త డ్రెస్సర్లకి 2023 సెప్టెంబరు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, పాతవాటికి ఆ రక్షణ ఉండదు. అక్కడి గోడలు మన ఇటుక గోడలు కావు, జిప్సం పలక వెనక కర్ర నిట్రాళ్ళు ఉంటాయి, మామూలుగా 16 అంగుళాలకి ఒకటి. పట్టీ స్క్రూ ఆ నిట్రాడులోకే దిగాలి, వట్టి పలకలోకి దిగితే ఊడొస్తుంది. అద్దె ఇంట్లో గోడకి కన్నం పెడితే డిపాజిట్ పోతుందని భయపడతారు. ఇంటివాళ్ళని ముందు అడగండి, ఖాళీ చేసేటప్పుడు లప్పం పెట్టి రంగు వేస్తే సరిపోతుంది.

పాత మెరుగు తీయడం గురించి మా మేస్త్రి మంచం పట్టె మీద చేసి చూపించిన పద్ధతి నేను అక్కడ కూడా వాడతాను. కనబడని మూల దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్, అక్కడివాళ్ళు షెల్లాక్ అంటారు, మన వడ్రంగులు స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో పూసే లక్కే అది. అలాంటి దాన్ని రుద్ది పాడుచేయక్కర్లేదు, మురికి తుడిచి పైన ఇంకో పూత వేస్తే మళ్ళీ మెరుస్తుంది. కరగకపోతే వార్నీషో ఇంకేదో అయ్యుంటుంది, అప్పుడు గట్టి చెక్కైతే ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220 దాకా, ఎప్పుడూ చెక్క గీత వెంబడే. పైన రంగు వేయాలనుకుంటే మధ్యలో మైనం తీసిన షెల్లాక్ ఒక పూత వేయండి, పాత మరకలు పైకి ఊరకుండా ఆపుతుంది, నునుపు లామినేట్ మీద కూడా రంగు పట్టి నిలుస్తుంది.

అవిసె నూనె పూసిన గుడ్డలు ఉండలా చుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఆరేటప్పుడు ఆ నూనె తనంతట తానే వేడెక్కి మంట అంటుకుంటుంది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదంటే నీళ్ళున్న రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

ఇంటి నుంచి కర్ర సామాను తీసుకెళ్ళొచ్చా అని చదువులకి వెళ్ళే పిల్లల్లో ఒకరు అడిగారు. బెరడు ఉన్నది, పురుగు తొలిచిన కన్నాలు ఉన్నది వద్దు, బాగా పాలిష్ చేసింది తీసుకెళ్ళినా అక్కడ దిగగానే కస్టమ్స్ వాళ్ళకి చెప్పాలి. కానీ నాకు జరిగింది వినండి. అమ్మ తన పనస పీట ఒకటి ఇచ్చింది. మన సముద్రపు గాలి తేమలో పెరిగిన కర్ర, అక్కడ చలికాలం హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి ఉంటుంది, జనవరిలో ఒక రాత్రి టప్‌మని శబ్దం వచ్చింది, పొద్దున్న చూస్తే పీట మధ్యకి జానెడు బీట. అమ్మకి చాన్నాళ్ళు చెప్పలేదు. వేసవి దాకా ఆగి, గాలిలో తేమ వచ్చి బీట దగ్గరపడ్డాక జిగురు పెట్టి క్లాంపులు బిగించాను, మళ్ళీ విడలేదు. అందుకే గట్టి చెక్క పలకని దేనికైనా బిగించేటప్పుడు స్క్రూ కన్నం గుండ్రంగా కాకుండా కాస్త పొడుగ్గా తొలవండి, చెక్క చలికాలం ముడుచుకోవడానికీ వేసవిలో సాగడానికీ చోటుండాలి.

ఇంక ఏం చేసుకోవచ్చు అంటే, నాకు అన్నిటికంటే ఇష్టమైంది పూజగూడు. పాతకాలం లావు టీవీల కోసం చేసిన పెద్ద అలమరలు అక్కడ ఎవరికీ అక్కర్లేదు, పల్చటి టీవీలు వచ్చాక ఊరికే ఇచ్చేస్తారు. లోతుగా ఉంటాయి, తలుపులుంటాయి, వైరు కోసం వెనక కన్నం ముందే ఉంటుంది కాబట్టి చిన్న బల్బు దీపం పెట్టుకోవచ్చు. మధ్య అర తీసేసి, కింద సొరుగులో వత్తులు, కుంకుమ, కర్పూరం. మా ఇంటి దేవుడి గది అదే. నూనె దీపం మాత్రం లోపల పెట్టకండి, ముందుకి ఒక పలక లాగి దాని మీద పళ్ళెంలో పెట్టండి, పై చెక్కకి మంట సెగ తగలకూడదు. భోజనాల బల్ల కాళ్ళు పొట్టిగా కోస్తే నేల మీద కూర్చుని తినే బల్ల అవుతుంది, మా నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు దాని దగ్గరే తిన్నారు.

పనిముట్లన్నీ కొనక్కర్లేదు, చాలా ఊళ్ళలో లైబ్రరీలే డ్రిల్లు, శాండర్ (చెక్క రుద్దే మెషీన్) అరువిస్తాయి. అపార్ట్‌మెంట్ లోపల రుద్దకండి, ఎండున్న రోజు అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి బయట చేసుకోండి, మాస్కు పెట్టుకోండి. మంచి కర్ర సామాను తక్కువకి కావాలంటే హ్యాబిటాట్ అనే సేవాసంస్థ వాళ్ళు పాత సామాను అమ్మే రీస్టోర్ దుకాణాలు చూడండి, బై నథింగ్ గ్రూపుల్లో ఇరుగుపొరుగు ఊరికే ఇస్తారు. ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపమంటే పంపొద్దు, వస్తువు చూశాకే డబ్బు.

బోస్టన్ వెళ్ళే పిల్లలకి ఒక తేదీ చెప్తాను, సెప్టెంబరు 1. ఆ ఊళ్ళో అద్దె ఒప్పందాల్లో చాలావి ఆ రోజే మారతాయి, ఆల్‌స్టన్ పేటలో వీధుల పొడవునా సామాను బయట పడుంటుంది, దానికి ఆల్‌స్టన్ క్రిస్మస్ అని పేరు కూడా పెట్టారు. ముందు రోజు సాయంత్రమే వెళ్ళండి, టార్చి పట్టుకెళ్ళండి. అద్దె ట్రక్కు తీసుకుంటే స్టారో డ్రైవ్ రోడ్డెక్కొద్దు, అక్కడ వంతెనలు మరీ కిందికి ఉంటాయి, ఏటా ట్రక్కులు వాటికి గుద్దుకుని ఇరుక్కుంటాయి.

మేస్త్రి నిన్న సాయంత్రం బెంచీకి ఆఖరి పూత వేశారు. చేతులు తుడుచుకుంటూ, "అక్కడేటి వాడతావు బాబూ ఉలి?" అని అడిగి, తన పెట్టెలోంచి అరంగుళం ఉలి ఒకటి తీసి ఇచ్చారు. పిడి ఆయన చేత్తో చేసిందే. ఇక్కడి కరెంటు పనిముట్లు అక్కడి 120 వోల్టులకి పనికిరావు గానీ ఉలికి ఆ బాధ లేదు. పదునుకి మందపాటి గుడ్డ చుట్టి చెక్-ఇన్ పెట్టెలో అడుగున పెట్టాను, చేతి సంచీలో అయితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.