ఇంగ్లిష్ టీచర్‌గా విదేశాలకు వెళ్లాలంటే...

ప్రశ్న: బీఏ ఇంగ్లిష్ చివరి సంవత్సరంలో ఉన్నాను. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు కొరియా, జపాన్, థాయ్‌లాండ్‌లలో ఎక్కడైనా ఇంగ్లిష్ చెబుతూ అక్కడి జీవితాన్ని దగ్గరగా చూడాలని ఉంది. దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: మీ కోరిక నాకు నచ్చింది. అయితే ఏ దేశం అన్నది మన ఇష్టం కన్నా పాస్‌పోర్టు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. 2010లో భారత్, కొరియాల మధ్య అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల భారతీయులకూ కొంత వీలుంది కానీ, డిగ్రీతో పాటు టీచింగ్ అర్హత ఉండాలి. కాబట్టి బీఈడీ లేకుండా కొరియాను లెక్కలోకి తీసుకోకండి. జపాన్ స్కూళ్లలో ఉద్యోగాలకు సాధారణంగా 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు చూపించమంటారు. మీది అలాంటి చదువైతే ప్రయత్నించవచ్చు.

నా ఓటు థాయ్‌లాండ్‌కే. డిగ్రీ, పోలీస్ క్లియరెన్స్, ఇంగ్లిష్ మాతృభాష కాని మనలాంటి దేశాలవాళ్లనైతే టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు కూడా అడుగుతారు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకిచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ రెండూ తప్పనిసరి. "ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అనే ఏజెంటు మాట అస్సలు వినకండి. పర్మిట్ లేకుండా పాఠం చెబితే చట్టవిరుద్ధం, దొరికితే ఇబ్బంది పడేది మీరే.

వెళ్లేలోపు ఇంగ్లిష్ బోధనలో శిక్షణ ఇచ్చే సెల్టా లాంటి కోర్సు చేస్తే మంచిది. దాదాపు 120 గంటల ఆ శిక్షణలో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, పరిశీలకులు వెనక కూర్చుని చూస్తారు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే చవక కోర్సులతో సర్టిఫికెట్ వస్తుంది కానీ, నలభై మంది పిల్లల ముందు నిలబడే ధైర్యం రాదు.

ఇక సంస్కృతి. బ్యాంకాక్‌లో ఉంటే సినిమా హాళ్లు, మాల్స్, మీలాంటి విదేశీ టీచర్ల మధ్యే ఏడాది గడిచిపోవచ్చు. అందుకే చిన్న పట్టణంలోని ప్రభుత్వ బడి దొరికితే వదులుకోవద్దని చెబుతాను. జీతం తక్కువే, ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లూ తక్కువే. కానీ అక్కడ పొద్దున జెండా వందనంలో పిల్లలతో పాటు మీరూ నిలబడతారు. బడి తెరిచిన కొద్ది వారాలకు 'వై ఖ్రూ' అని గురుపూజ జరుగుతుంది. పిల్లలు గరిక, నూరువరహాలు, వంగపూలతో అలంకరించిన పళ్లేలు తెచ్చి టీచర్ల ముందు మోకరిల్లుతారు. గరిక ఓర్పుకు, నూరువరహాలు పదునైన బుద్ధికి, వంగపూలు వినయానికి గుర్తులు. ఆ వరుసలో మీరూ కూర్చుంటారు. టూరిస్టుగా వెళ్తే ఇది దొరకదు.

ఇప్పటి నుంచే రోజూ కాసేపు థాయ్ నేర్చుకోండి. లిపితో సహా. స్టాఫ్‌రూమ్‌లో జరిగే కబుర్లు అర్థం కావడం మొదలైతేనే ఊరు మీతో కలుస్తుంది, పిలుపులు వస్తాయి.

కాంట్రాక్టు సంతకం పెట్టేముందు మాత్రం తొందరపడకండి. వారానికి ఎన్ని పీరియడ్లు, సెలవుల్లో జీతం ఇస్తారా, వీసా, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిది, ఏజెన్సీ ఉంటే మీ జీతంలో ఎంత పట్టుకుంటుంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. అదే బడిలో ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచర్‌తో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం వదిలేసి ఇంకోటి చూడండి.