ఇంట్లోనే గన్ సర్వీసింగ్: ముందు ఏ టూల్స్ కొనాలి?

ప్రశ్న: అన్నయ్యా, మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక రూగర్ 10/22 రైఫిల్ కొన్నాను, తర్వాత పాత రెమింగ్టన్ 870 షాట్‌గన్ కూడా తీసుకున్నాను. రెండూ నేనే విప్పి క్లీన్ చేసుకోవాలని, రూగర్‌కి గురి చూసే స్కోప్ నేనే బిగించుకోవాలని ఆశ. ఆన్‌లైన్‌లో వంద ముక్కల గన్‌స్మిత్ (గన్స్ బాగుచేసేవాళ్ల) కిట్లు కనిపిస్తున్నాయి, ఏది తీసుకోమంటారు?

జవాబు: ఆ కిట్ వద్దు తమ్ముడూ. అందులో సగం ముక్కలు నీ రెండు గన్స్‌కీ ఎప్పటికీ పనికిరావు, పనికొచ్చే సగమేమో మెత్తటి ఇనుముతో చేసినవి ఉంటాయి. ఏ పని చేయబోతున్నావో ముందు అనుకో, ఆ పనికి కావాల్సిన టూల్ ఒక్కటి మంచిది కొను, అలా ఒక్కొక్కటే పెట్టె నింపుకో.

మొట్టమొదట డబ్బు పెట్టాల్సింది స్క్రూడ్రైవర్ మీద. ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్ మొన చూడు, పైన మందంగా ఉండి కిందికి పోను పోను సన్నబడుతుంది. గన్ స్క్రూ తల మీద గాడి గోడలు మాత్రం నిటారుగా ఉంటాయి, అందుకే ఆ మొన గాడి పైఅంచుల్నే పట్టుకుంటుంది, అడుగుదాకా ఆనదు, గట్టిగా తిప్పేసరికి పైకి ఎగదన్ని అంచుని చెక్కేసి పక్కనున్న నల్లటి ఫినిష్ మీద గీత పెట్టి మరీ బయటికొస్తుంది. పాత గన్ కొనేవాళ్లు ముందు స్క్రూ తలలే చూస్తారు, అవి నలిగి ఉంటే ఎవరో తెలీకుండా చెయ్యి పెట్టారని వెంటనే అర్థమైపోతుంది. నీకు కావాల్సింది హాలో గ్రౌండ్ బిట్స్. వీటి మొన రెండు పక్కలూ సన్నబడకుండా సమాంతరంగా ఉంటాయి కాబట్టి గాడి లోతంతా పట్టుకుంటుంది. బ్రౌనెల్స్ వాళ్ల మాగ్నా టిప్ సెట్ ఉంది, వీలర్ వాళ్లవి అంతకంటే చవకగా దొరుకుతాయి, మొదలుపెట్టడానికి ఏదైనా పర్లేదు. బిట్ వెడల్పు స్క్రూ తలంత ఉండాలి కానీ తల దాటి బయటికి రాకూడదు, మందం గాడికి సరిగ్గా సరిపోవాలి. గాడిలో పెట్టి తిప్పకుండా అటూ ఇటూ కదిపి చూడు, లొటలొటలాడితే ఆ బిట్ పక్కన పెట్టి ఇంకోటి తియ్యి. ఈ ఒక్క అలవాటు వస్తే చాలు, చాలా డామేజ్ ఆగిపోతుంది.

రెండోది పంచ్‌లు (పిన్నుల్ని బయటికి నెట్టే కడ్డీలు), చిన్న సుత్తి. 870 ట్రిగ్గర్ అసెంబ్లీ రెండు పిన్నుల మీద నిలబడుతుంది, వాటిని ఇత్తడి పంచ్‌తోనో నైలాన్ పంచ్‌తోనో నెడితే గన్ మీద గీత పడదు. సుత్తి కూడా ఒకవైపు ఇత్తడి, ఒకవైపు నైలాన్ ఉన్నది చాలు. రోల్ పిన్నులకి, అంటే మధ్యలో బోలుగా ఉండే పిన్నులకి మాత్రం వేరే పంచ్‌లు ఉంటాయి, చివర చిన్న బొడిపె ఉంటుంది, అది పిన్ మధ్య బోలులో కూర్చుంటుంది. మామూలు పంచ్‌తో కొడితే ఆ పిన్ అంచులు నలిగిపోయి మళ్లీ లోపలికి పోదు. 10/22 లో అయితే ఇంకో సమస్య. దాని పిన్నులు లూజుగా ఉంటాయి, స్టాక్ (చెక్క లేదా ప్లాస్టిక్ పట్టు) నుంచి బయటికి తీసి కాస్త వంచితే చాలు వాటంతటవే జారి పడిపోతాయి, కార్పెట్ మీద పడితే ఇక వెతుక్కోవడమే. కింద తెల్ల టవల్ పరుచుకుని చెయ్యి. 870 మ్యాగజైన్ ట్యూబ్‌లో (తూటాలు పెట్టే గొట్టంలో) పొడుగాటి స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని ఆపే బిళ్ళ ఊడిందంటే ఎగిరి మొహం మీదికొస్తుంది, అందుకని కళ్లద్దాలు పెట్టుకోకుండా దాని జోలికి పోవద్దు.

క్లీనింగ్ రాడ్ కూడా చూసి కొను. మూడు ముక్కలు కలిపే అల్యూమినియం రాడ్ చవకే కానీ ఆ అతుకుల దగ్గర ఇసుక రేణువులు పట్టుకుని బారెల్ లోపల రాపిడి పెడతాయి. ఒకటే ముక్కగా ఉండి పైన కోటింగ్ ఉన్నది మేలు. 10/22 కి వెనకనుంచి రాడ్ దూరదు, మూతి వైపునుంచే పోవాలి, అక్కడ బారెల్ అంచు అరిగిందంటే గురి పోయినట్టే. అందుకే మూతిలో పెట్టే చిన్న ఇత్తడి గైడ్ ఒకటి తీసుకో, లేదంటే తాడులా లాగే బోర్ స్నేక్ వాడు.

స్కోప్ సంగతికొస్తే ఇక్కడ ఎంత బిగించాలో కొలిచి ఆపే టార్క్ స్క్రూడ్రైవర్ కొనాల్సిందే, మొహమాటం లేకుండా చెప్తున్నా. స్కోప్‌ని పట్టుకునే రింగ్ పైకప్పు స్క్రూలకి చాలా కంపెనీలు 15 నుంచి 18 ఇంచ్ పౌండ్ల బిగింపు చాలంటాయి, ఎల్ ఆకారం అలెన్ కీ చేతిలో ఉంటే నీకు తెలియకుండానే అది దాటిపోతుంది, స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోయి లోపల అడ్జస్ట్‌మెంట్ పట్టేస్తుంది. అంతేకాదు 10/22 రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే పెట్టె లాంటి భాగం) అల్యూమినియం, దాని మీద రింగుల కింద ఉండే పట్టీ, అంటే బేస్ స్క్రూలు ఎక్కువ బిగిస్తే మరలు కోసుకుపోతాయి. స్కోప్‌తో, బేస్‌తో వచ్చిన కాగితంలో ఏ అంకె రాసుందో దానికే పెట్టు. ట్యూబ్ ఒక అంగుళమా 30 మిల్లీమీటర్లా చూసుకుని రింగులు కొను. స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు లాక్‌టైట్ వాడాలనుకుంటే బేస్ స్క్రూలకి నీలం రంగుది ఒక చుక్క చాలు, ఎర్రది వద్దు, అది వేడి చేస్తే తప్ప ఊడదు.

ఇక కొనకూడనివి. ఆకురాయి, డ్రెమెల్ (తిరిగే చిన్న కరెంటు రుద్దుడు యంత్రం) ఈ రెండూ ఇప్పుడే నీ పెట్టెలో వద్దు. ట్రిగ్గర్ స్మూత్ చేద్దామని లోపలి భాగాల్ని రుద్దేవాళ్లున్నారు, ఆ భాగాలకి పైన గట్టి పొర చాలా పలుచగా ఉంటుంది, అది పోయిందంటే కింద మెత్తటి లోహం త్వరగా అరుగుతుంది, ఒకరోజు గన్ కింద పడితే దానంతటదే పేలొచ్చు. ట్రిగ్గర్ నచ్చకపోతే మొత్తం యూనిట్టే మార్చుకో, లేకపోతే గన్‌స్మిత్‌కి ఇవ్వు. బారెల్ కొయ్యడం అసలు ఆలోచించకు, రైఫిల్ బారెల్ 16 అంగుళాలకి, షాట్‌గన్ బారెల్ 18 అంగుళాలకి తగ్గితే అది 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ కిందికి వెళ్తుంది, రిజిస్ట్రేషన్ లేకుండా ఉంటే ఫెడరల్ నేరం. ఇంకో మాట, నీ గన్స్ నువ్వు బాగు చేసుకోవచ్చు, కానీ అదే పనిగా డబ్బు తీసుకుని ఫ్రెండ్స్ గన్స్ రిపేర్ చేస్తే దానికి ఫెడరల్ లైసెన్స్ కావాలి.

టూల్ చేతిలోకి తీసుకునే ముందు మ్యాగజైన్ తీసెయ్యి, బోల్ట్ వెనక్కి లాగు, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. షాట్‌గన్ అయితే మ్యాగజైన్ ట్యూబ్ కూడా ఖాళీగా ఉందో చూడు. ఒక్క తూటా కూడా ఆ గదిలో ఉండకూడదు.

ప్రశ్న: నా రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడు. వాడికి ఇలాంటి పనంటే సరదా, నా గన్ క్లీన్ చేసిపెడతానంటున్నాడు. పర్లేదా?

జవాబు: వద్దండి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్‌కి తర్వాత వచ్చిన మార్పుల ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా (హెచ్1బీ కూడా అందులోదే) మీద వచ్చినవాళ్ల దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండకూడదు. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది, కానీ అది సరిపోతుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాకే ముట్టుకోవాలి. గన్ నీదే కదా, వాడు క్లీన్ మాత్రమే చేస్తాడు కదా అంటే కుదరదు, చేతిలో పట్టుకోవడాన్ని కూడా పొసెషన్ (దగ్గర ఉంచుకోవడం) కింద లెక్కేస్తారు. ఊరినుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి ఫొటోలు పెడుతుంటారు మనవాళ్లు, వాళ్లకీ ఇదే రూల్. ఒక్క సాయంత్రం సరదా కోసం నీ రూమ్మేట్ వీసా, కెరీర్ పణంగా పెట్టొద్దు, ఇది నేను బతిమాలుకుని చెప్తున్నా.

ప్రశ్న: గరాజ్‌లో గన్ క్లీన్ చేస్తుంటాను, మా పాపకి మూడేళ్లు, అక్కడే తిరుగుతుంది. ప్రమాదమేమైనా ఉందా అండి?

జవాబు: ఉందండి. బారెల్లోంచి వచ్చే మసిలో సీసం ఉంటుంది, చిన్నపిల్లల మెదడుకి అది చాలా చెడ్డది. క్లీన్ చేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, గరాజ్ తలుపు తెరిచి పెట్టండి, అక్కడ కాఫీ కూడా తాగొద్దు. అయ్యాక చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పాపని ఎత్తుకోండి. ఆ పని చేసేటప్పుడు పాప లోపల వాళ్లమ్మ దగ్గర ఉండాలి. చెక్క స్టాక్‌కి బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ రాస్తే ఆ గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. బయట పరిచి ఆరబెట్టండి.

ప్రశ్న: మాది విజయవాడ. నా దగ్గర 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, పవర్ తగ్గింది, విప్పి స్ప్రింగ్ మార్చొచ్చా? తాతగారి లైసెన్స్ ఉన్న పన్నెండు బోర్ షాట్‌గన్ కూడా ఉంది, దానికీ అవే టూల్స్ సరిపోతాయా?

జవాబు: రెండూ వేరు వేరు సంగతులు. 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, 20 జౌల్స్ (పెల్లెట్ బయటికొచ్చే శక్తి కొలత) లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, పాడైన స్ప్రింగ్ మార్చుకోవచ్చు. కానీ పవర్ పెంచుదామని ఎక్కువ గట్టి స్ప్రింగ్ వేస్తే ఆ 20 జౌల్స్ గీత దాటొచ్చు, ఒరిజినల్ లాంటిదే వెయ్యండి. కాక్ చెయ్యకపోయినా లోపల స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, వెనక బిరడా విప్పగానే అది బుల్లెట్‌లా దూసుకొస్తుంది, కాబట్టి స్ప్రింగ్‌ని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా మొదలుపెట్టొద్దు. గాలి నొక్కే చాంబర్లో మామూలు మెషిన్ ఆయిల్ పొయ్యొద్దు, ఒత్తిడికి అది లోపలే మండుతుంది, సీల్ పాడవుతుంది.

తాతగారి పన్నెండు బోర్‌కి మాత్రం బయట నూనె గుడ్డతో తుడవడం, బారెల్ క్లీన్ చెయ్యడం వరకే. 1959 ఆర్మ్స్ యాక్ట్ 5వ సెక్షన్ ప్రకారం ఫైర్‌ఆర్మ్ రిపేర్ చెయ్యడానికి లైసెన్స్ కావాలి. లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గరికి లైసెన్స్ బుక్కుతో సహా తీసుకెళ్లండి, ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. గన్ లైసెన్స్ ఇప్పటికీ తాతగారి పేరు మీదే ఉంటే ఆయనే తీసుకెళ్లాలి, లేదంటే ఆయన వెంట ఉండగానో, ఆయన రాసిచ్చిన అనుమతితోనో మీరు రిపేర్‌కి తీసుకెళ్లొచ్చు.